సంవేగానికి వదిలిన చోటు

మాతర,
బుద్ధ శకం 2506, పొసొన్ పున్నమికి ఆరు రోజుల ముందు

ఆయుష్మంతుడైన సేనరత్నకు,

త్రిరత్నాల రక్ష నీకూ నీ ఇంటిల్లిపాదికీ కలుగుగాక. విహారంలో అందరం క్షేమం. క్షేమమన్న మాట నా పట్ల ఎంత నిజమో చెప్పలేను. రెండు వారాలుగా ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

మనిద్దరం మొదలుపెట్టిన నిఘంటువు చివరి సంపుటం అచ్చులో ఉంది. 'సంవేగం' దగ్గర పని ఆగింది. సంస్కృతంలో అది గుర్రపు పరుగుకూ సముద్రపు పోటుకూ చెల్లే మాట: వేగం, ఉద్రేకం, కలవరం. పాళీలో ముదిమినీ మరణాన్నీ చూసిన మనిషికి పుట్టే వణుకు. అక్కడితో ఆగాలని నేనన్నాను. ఆ వణుకు చివర మనసు తేరుకుని దారి పట్టడం కూడా అర్థంలో భాగమేనని నువ్వన్నావు. కిరింద విహారపు తాటాకు ఒకటి ఆధారమన్నావు. వెతికితే కట్టలో ఆ ఆకు లేదు. నువ్వే కల్పించావని నిండు సంఘంలో అన్నాను. తర్వాతి పున్నమి రాకముందే నువ్వు భిక్షువుల కాషాయ చీవరం వదిలి వెళ్లిపోయావు. పదకొండేళ్లయింది.

అచ్చుకూటంలో అక్షరాలు కూర్చే కరుణావతి నిన్న నిలదీసింది. "పెద్దస్వామీ, ఈ మాటకు చోటు వదిలి నెల కావస్తోంది. మీతో పనిచేసి వెళ్లిపోయిన ఆ స్వామి ఉంటే ఈపాటికి తేల్చేసేవారు. ఇప్పుడు తంగల్ల బస్టాండులో బస్సులెళ్లే ఊళ్ల పేర్లు పిరిత్ సూత్రాల పారాయణంలా పిలుస్తున్నారంట" అంది.

ఆ తాటాకు మొన్న వేరే కట్టలో దొరికింది. నీ మాటే నిజం. ఆ అర్థాన్ని నీ పేరుతో వేయించడానికి నీ అనుమతి కోరుతున్నాను. పున్నమి మర్నాడు ఆ పుట అచ్చుకెక్కుతుంది.

నీ శ్రేయస్సు కోరే,
ఇందసార స్థవిరుడు

తా.క. ఉత్తరం మడిచాను, విప్పాను, మళ్లీ మడిచాను. మొన్న దొరికిందన్నది అబద్ధం. చీవరం వదలడానికి సెలవడుగుతూ నువ్వు నాకు మూడుసార్లు మొక్కిననాటికే ఆ ఆకు నా పెట్టెలో ఉంది. సంఘంలో అన్న మాట వెనక్కి తీసుకోవడానికి నోరు రాలేదు. ప్రతి పున్నమికీ భిక్షువులం ఎదురెదురుగా కూర్చుని, ఏ తప్పో పేరు చెప్పకుండానే తప్పులన్నీ ఒప్పుకుంటున్నామని వల్లిస్తాం కదా; ఇన్నేళ్లూ ఆ వాక్యం చాటున తలదాచుకున్నాను. ఈ పున్నమికి తప్పును దాని పేరుతోనే, ఆ సంఘంలోనే చెబుతాను. అనుమతి అడిగే అర్హత నాకు లేదు. నీ అర్థాన్నీ నీ భిక్షునామాన్నీ రాసి కరుణావతికి ఇచ్చేశాను. వద్దనుకుంటే ఆమెకే కబురు పెట్టు. నాకు రాయకు. నీ జవాబు నా చేతికొస్తే దాచనని నా మీద నాకు నమ్మకం లేదు.