చివరి చరణంలో నా పేరు

నల్లపాడు
1986 డిసెంబరు 12, శుక్రవారం

అమ్మయ్య! వారం రోజుల తర్వాత ఇవాళ అన్నం సయించింది. నా క్రిస్మస్ పాటను ఎవరి పేరుతోనో అమ్ముకుంటున్న ఆ క్యాసెట్ల కంపెనీ ఓనరు ఎట్టకేలకు తప్పు ఒప్పుకున్నాడు.

"రాసిననాడే హక్కు నీదమ్మా, రిజిస్టర్ చేయకపోయినా పోదు. కానీ రాసింది నువ్వేనని చూపించాలిగా," అన్నారు ప్లీడరు గారు. నా నోటుబుక్కేమో చెదలు తినేశాయి. అందుకే మా వీధి మరియమ్మక్కను గుంటూరు తీసుకెళ్లాను. పత్తి తీస్తూ నాలుగేళ్లుగా ఆమె పాడేది ఆ పాటే. క్యాసెట్‌లో వాళ్లు కోసేసిన చివరి చరణాన్ని ఓనరు ముందు నిలబడి గొంతెత్తి పాడింది. అందులో 'శాంతమ్మ' అని నా పేరుంది.

"ఏమయ్యా, గుర్తేసిన చెవి కోసేస్తే గేదె నీదైపోద్దా?" అని అడిగింది.

ఓనరు కొత్త లేబుళ్ల మీద నా పేరే వేయిస్తానని కాగితం రాసిచ్చాడు. పెన్ను మూయబోతూ, "బాణీ కూడా మీదేనాండీ?" అన్నాడు.

అవునని నోటిదాకా వచ్చింది. ఆ బాణీ మా అమ్మమ్మ మిరపకాయలు కోస్తూ పాడుకున్నది. ఆమె ఏ చరణంలోనూ తన పేరు పెట్టుకోలేదు.

బాణీకి అమ్మమ్మ పేరే రాయించాను. ఆమె ఎవరి దగ్గర నేర్చుకుందో మాత్రం నేనెప్పుడూ అడగలేదు...