ఖాళీ ట్యాంకుకి మేత

ఏప్రిల్ 27, ఆదివారం
నాలుగు చేపలూ పోయాయి. మొన్న గురువారం దిల్‌సుఖ్‌నగర్‌లో ట్యాంకూ చేపలూ ఒకేసారి కొని, ఆ సాయంత్రమే నీళ్లు నింపి వదిలేశాను. సింధూర సంబరపడుతుందని. అంబిక కూతురు. అంబికతో నా పెళ్లయి మూడు నెలలు. పిల్ల ఇంకా బడంగ్‌పేట్‌లో అమ్మమ్మ దగ్గరే ఉంది, మా ఇంటికి రానంటోంది. ఇవాళ చూడ్డానికి వచ్చి, తేలుతున్న చేపల్ని చూసి, నువ్వే సంపినవ్ అంకుల్ అంది. నిజమే కదా.

ఏప్రిల్ 29
షాపతన్ని నిలదీయడానికి వెళ్తే నాకే క్లాసు పీకాడు. కొత్త ట్యాంకుని ముందు సైక్లింగ్ చెయ్యాలట. చేపల మలినం విషమవుతుంది, దాన్ని తినే బ్యాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో పుట్టాలి. ఐదారు వారాలు. అప్పటిదాకా చేపల్లేని నీళ్లకు రోజూ చిటికెడు మేత, అది కుళ్లితేనే ఆ బ్యాక్టీరియాకి తిండి. ఈ ముక్క ముందే చెప్పి చావొచ్చుగా!

జూన్ 12న స్కూళ్లు తెరుస్తారు. ఆలోపు పిల్ల మనసు మారకపోతే మా అత్తగారు ఇంద్రమ్మ అక్కడే ఆరో క్లాసులో చేర్పిస్తారు.

మే 9
నీళ్లలో విషమెంతుందో చూసే టెస్ట్ కిట్ కోసం ఎల్‌బీ నగర్ దాకా వెళ్లాను. అమ్మోనియా, అంటే ఆ విషం, ముదురు ఆకుపచ్చ, బాగా ఎక్కువన్నమాట. బ్యాక్టీరియాకి తిండి తయారైనట్టే కాబట్టి ఇది శుభవార్తేనట.

మే 18
ఖాళీ ట్యాంకుకి మేత వేస్తుంటే, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమా అని అంబిక నవ్వింది. ఆలు ఉంది, కూతురే రావాలి అన్నాను. నవ్వు ఆపేసింది. అనకుండా ఉండాల్సింది.

మే 27
అమ్మోనియా సున్నా! బ్యాక్టీరియా దాన్ని తిని వదిలే రెండో విషం నైట్రైట్ మాత్రం ఊదారంగు, అదీ పోవాలి. ఇంకో రెండు వారాలు. స్పాంజి నిండా గోధుమరంగు జిగురు, అదే ఆ బ్యాక్టీరియా. జిగురు చూసి మురిసిపోయే స్థితికి వచ్చాను.

మే 30, శుక్రవారం
మేమిద్దరం ఆఫీసులకి వెళ్లాక అత్తగారు వచ్చారు. మనవరాలు వస్తే ఉండాల్సిన ఇల్లని ఇల్లంతా కడిగారు. ట్యాంకూ కడిగారు. నీళ్లు పారబోసి, స్పాంజిని బ్లీచింగ్ పౌడర్‌తో తెల్లగా తోమి, అద్దానికి పసుపు రాసి బొట్లు పెట్టారు.

సాయంత్రం వచ్చి చూసి అరిచాను. మిమ్మల్నెవరు ముట్టుకోమన్నారని, సాక్షాత్తూ అత్తగారి మీద! ఆవిడ ఒక్కటే అన్నారు. గంత మురికి వెట్టుకొని పిల్లనెట్ల రమ్మంటవ్ బిడ్డా అని. సంచి తీసుకుని బస్సెక్కారు.

ఐదు వారాలు నీళ్లపాలు. దానికి కాదు నా భయం. నేను అరిచిన సంగతి సింధూరకి తెలుస్తుంది.

జూన్ 1
బడంగ్‌పేట్ వెళ్లి, తప్పయింది అత్తయ్యా అన్నాను. అన్నం తిని పొమ్మన్నారు. సింధూర ఎదురుగా కూర్చుని, గా మురికి ఎందుకు కావాలె అని అడిగింది. చెప్పాను. పాత ట్యాంకు స్పాంజి ఒకటి దొరికితే పని తొందరగా అవుతుందని కూడా చెప్పాను. మొదటిసారి నా మాట చివరిదాకా వింది.

వస్తావా అని అడగలేదు. భయమేసింది.

జూన్ 8
తలుపు తీస్తే అత్తగారు. చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా. పులుసేమో అనుకున్నా. మూత తీస్తే బురద నీళ్లలో నల్లటి స్పాంజి! బడంగ్‌పేట్‌లో వాళ్ల పక్కింటి సీతారాములు గారి ట్యాంకులోదట, సింధూర వెళ్లి అడిగిందట. అన్నం వెట్టే డబ్బల గీ కంపు మోస్కొచ్చిన, ఇగ దీన్ని కడుగుతే ఒట్టు అన్నారు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

వెనకాలే సింధూర. నేను మళ్లీ నీళ్లు నింపి ఉంచిన ట్యాంకులో, స్పాంజిని తనే ఫిల్టర్లో పెట్టింది. భుజాన స్కూలు బ్యాగు ఉంది. ఎన్ని రోజులుంటావని అడగడానికి ధైర్యం చాలలేదు.

జూన్ 12
నైట్రైట్ ఇంకా ఊదా. చేపలు లేవు. సింధూర ఖాళీ నీళ్లకు చిటికెడు మేత వేసి, నేనొచ్చేదాంక ఎవ్వలు ముట్టొద్దు అని చెప్పి, మా వీధి చివర స్కూలుకి వెళ్లింది.