జర్మనీ దొరసానికి తల్లెవరు?

శనివారం, రాత్రి

నా ఎం.ఏ. వ్యాసమంతా ఒక్క ప్రశ్న మీదే ఆగిపోయింది. తొమ్మిది వందల ఏళ్ల కిందటి జర్మనీ దొరసాని యూడిత్‌కు తల్లెవరు? తండ్రికి ఇద్దరు భార్యలు. ఈమె ఎవరి కూతురో ఎక్కడా రాసిలేదు. సాయంత్రం ఇక్కడ భివండిలో కరెంటు పోయి మా మరమగ్గాలు ఆగినప్పుడు నాయినమ్మకు చెప్పాను.

"ఆమె బిడ్డలకు ఏం పేర్లు పెట్టిన్రే?"

"పెద్దామె ఆగ్నెస్, చిన్నామె బెర్తా."

"పెద్దదానికి నాయినమ్మ పేరు, చిన్నదానికి అమ్మమ్మ పేరు. మనోళ్లల్ల గట్లనే పెడ్తరు గద! బెర్తానే తల్లి."

యూడిత్ అత్తగారి, అంటే భర్త తల్లి, పేరు ఆగ్నెస్. తండ్రి రెండో భార్య బెర్తా! గంతేసి, వెంటనే ముగింపు రాసేశాను.

అన్నం తింటుంటే అనుమానమొచ్చింది. నా పేరు సునంద; మా ఇంట్లో ఇంకో సునంద ఎవరూ లేరే?

"నాకెవరి పేరు పెట్టిన్రు నాయినమ్మా?"

"పక్క కార్ఖానా సునందా తాయిది. వానల మీ అమ్మను దవాఖానకు తీస్కపోయింది ఆ మరాఠామెనే. లేకుంటే రోడ్డు మీదనే పుడుతుంటివి!"

ముగింపులో ఒక 'బహుశా' చేర్చాలి. నవ్వు ఆగడం లేదు. ఎప్పుడో ఏ జర్మన్ పిల్లో భివండి సునంద ఎవరి మనిషని వెతికితే, ఇదే లెక్కన నన్ను ఆ మరాఠీ అక్క సునందా తాయికి మనవరాలిని చేసేస్తుంది. గంతు కూడా వేస్తుంది.