6174 దగ్గరికే అందరూ

5 జూన్ 1979, మంగళవారం

కద్మా పేటలో ఉండే లెక్కల మాస్టారు చూపించిన గారడీ బుర్రను వదలడం లేదు. నాలుగంకెల సంఖ్య తీసుకోవడం. అంకెల్ని పెద్ద నుంచి చిన్నకి పేర్చి, అందులోంచి చిన్న నుంచి పెద్దకి పేర్చింది తీసెయ్యడం. వచ్చినదానికి మళ్లీ అదే. మా ఉక్కు కార్ఖానాలో నా టోకెన్ నంబరు 4305 — ఏడు తీసివేతల్లో 6174. ఇక కదలదు. 7641లోంచి 1467 తీస్తే మళ్లీ 6174! ఎందుకని? మాస్టారికీ తెలియదట. ఏడో క్లాసు తప్పినవాణ్ణి, నాకేం తెలుస్తుంది...

6 జూన్

క్యాంటీన్లో మొదలెట్టాను. "నీ టోకెన్ కడాకి 6174కే వత్తాది. రాపోతే మీసం తీసేత్తాను." పదకొండుమంది. పదకొండూ వచ్చాయి. క్రేన్ డ్రైవర్ కళ్లు తేలేశాడు — "జాదూ హై క్యా?" మీసం భద్రం.

7 జూన్

ఇవాళ క్యాంటీన్లో అప్పలసామి తగిలాడు, భుయ్యాడీహ్ బస్తీలో మా పక్కింటివాడు. కొలిమి దగ్గర పని. టోకెన్ 4444 — ఇరవై ఏళ్లుగా దాన్ని చూసి మురిసిపోతున్నాడు. ఎటు పేర్చినా అవే నాలుగులు. మొదటి తీసివేతకే సున్నా. నా నోరు ఊరుకుంటుందా... "నీ కత అయిపోనాది బావా! ఇంటికెల్లి సెల్లెమ్మకి సెప్పు."

అందరూ నవ్వారు. అతను నవ్వలేదు.

9 జూన్

రెండు రోజులుగా 4444 గేటు బోర్డు మీద వేలాడుతూనే ఉంది. లోపలికి వెళ్లేవాడు తన టోకెన్ తీసుకెళ్లాలి, బయటికొచ్చాక తగిలించాలి. ప్రమాదం జరిగితే ముందు చూసేది ఆ బోర్డునే — ఎవరు లోపల మిగిలారో.

అప్పలసామి పెళ్లాం మా గుమ్మంలో నిలబడి అరిచింది. "ఏటి సేసినావన్నయ్యా? సున్నా నంబరుతో ఎల్తే తిరిగి రానంతన్నాడు. టోకెన్ మార్సమని అర్జీ ఎట్టీసినాడు!"

సోమవారం రాకపోతే పైకి రాస్తానన్నాడు ఫోర్‌మన్.

మా ఆవిడ — "మీసం ఉంది. బుర్రే లేదు."

10 జూన్, ఆదివారం

అప్పలసామి ఇంటికి వెళ్లాను. "ఇది లెక్క బావా, జాతకం కాదు." వినడే! "4445 అడిగినాను. అదైనా సేసి సూడు."

5444లోంచి 4445. 999. తిరగేస్తే 999. తీసేస్తే... సున్నా. అతని మొహం చూడలేకపోయాను.

సైకిలెక్కి కద్మా. మాస్టారు తల కొట్టుకున్నారు. "ముందు సున్నాని ఎవడు పారెయ్యమన్నాడయ్యా? 0999 అని రాయి!" 9990లోంచి 0999. 8991... 8082... 8532... 6174! సున్నాని నిలబెడితే గానీ దారి లేదు. ఇదేం వింత!

వెనక్కొచ్చి కాగితం చూపించాను. ఒక్కో అంకె మీద వేలు పెట్టి చూసుకున్నాడు.

"మరి నాది?"

"నీది ఎటు తిప్పినా నువ్వే బావా. తేడా లేదు కాబట్టి సున్నా. అంతే. ఆ రోజు కూసింది నా నోరు, లెక్క కాదు."

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

11 జూన్, సోమవారం

పొద్దుటి షిఫ్టు. 4444 కొక్కెం ఖాళీ!

వచ్చాడా? టీ వేళ అయితే గానీ కొలిమి వైపు వెళ్లలేను. కొక్కెం ఖాళీ అంటే మనిషి లోపల ఉన్నట్టు. లేదా అర్జీ చూసి హాజరు చూసే టైమాఫీసు టోకెన్ వెనక్కి తీసుకున్నట్టు. రెండింటికీ కొక్కెం ఒక్కలాగే కనిపిస్తుంది.