కుడి కన్ను తీయించుకోవడానికి వెళ్తున్నాను

మధ్యాహ్నం ఆసుపత్రికి వచ్చేటప్పుడు ఫ్రిజ్ తలుపులో ఉన్న కంటి చుక్కల మందు తీసుకురా. అంతకుముందు వచ్చినా నిన్ను లోపలికి రానివ్వరు. బడి నుంచి వచ్చాక పాపని పక్కింటి అక్క దగ్గర ఉంచు. కట్టు విప్పేదాకా దాన్ని నా దగ్గరికి తేవద్దు.

నువ్వు పాపని బడిలో దింపి వచ్చేలోపే వెళ్ళిపోతున్నాను, ఎదురుపడితే ఆపేస్తావని. ఇనుప తునక దిగిన కంట్లో ఇక చూపు రాదని డాక్టరు మొన్ననే తేల్చేశాడు. దెబ్బ తగిలిన రెండు వారాల్లోపు తీసేయకపోతే బాగున్న కన్ను కూడా పోయే ప్రమాదం ఉందన్నాడు. రేపటితో ఆ గడువు అయిపోతుంది. నువ్వేమో "చూపు లేకపోతే పోనీ, ముఖానికి కన్నంటూ ఉండాలి కదా" అని నన్ను సంతకం పెట్టనివ్వలేదు. ఇన్నాళ్ళూ నా ముఖం ఏమైపోతుందోననే ఏడ్చావు. ఉన్న చూపు కూడా పోతే నిన్నెలా చూసుకోను?

ఇంకో మాట. ఇవాళ్టి నుంచి నా బదులు మీ తమ్ముడు గ్రైండింగ్ మిషను దగ్గర నిలబడుతున్నాడు. వెంటనే ఫోన్ చేసి గాగుల్స్ పెట్టుకోమను. అవి పెట్టుకుంటే పని సాగదని వాడికి నేర్పింది నేనే.