మోకాలెత్తు స్విచ్చి

బుధవారం

మా మొండి అన్నయ్యకి,

ఫోను చెయ్యకుండా ఈ ఉత్తరాలేమిటని వదిన సణుగుతుంటుంది, నాకు తెలుసు. ఫోను మోగితే నువ్వు గోడవైపు జరిగి కూర్చుంటావు, అది నాకింకా బాగా తెలుసు. అందుకే ఉత్తరం. వదినని పక్కన కూర్చుని చదివిపెట్టమను. మధ్యలో ఆపొద్దను.

నా ఉద్యోగం సంగతి తెలిసిందే కదా. చేతిలో పసుప్పచ్చ గొడుగు, మెడలో మైకు, వెనకాల బస్సెడు జనం. ఆఫీసులో నన్ను పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మానేశారు, మైకు అనే అంటారు. పొద్దున సైనికుల స్తూపం, తర్వాత పెద్ద మ్యూజియం, భోజనాలయ్యాక పెద్దాయన సమాధి, ఆఖరున పాత ఠాణా. ఈసారి వచ్చింది రిటైరైనవాళ్ళ సంఘం. శనివారం దాకా ఉంటారు. స్తూపం దగ్గర కాసేపు మౌనం పాటిద్దామంటే, అప్పుడే ఒకావిడ నా చెవి దగ్గరికొచ్చి బాత్రూం ఎటమ్మా అంది. ఇంకొకాయన సమాధి ముందు చెప్పులు విప్పి, తిరిగొచ్చేటప్పుడు వేరేవాళ్ళవి తొడుక్కొచ్చేశాడు. నవ్వుతున్నావా? నవ్వు. తర్వాత చెప్పేది నవ్వే సంగతి కాదు.

పాత ఠాణాలో ఆ గది గురించి నీకు నేను చెప్పక్కర్లేదు. నువ్వు నాకెప్పుడూ చెప్పలేదు, అమ్మే చెప్పింది. ఇప్పుడది మ్యూజియం. ఆ బల్ల అలాగే ఉంది, దాని సొరుగూ అలాగే ఉంది. "ఈ సొరుగులో చెయ్యి పెట్టించి, కాలితో తన్ని మూసేవారు" అని రోజూ మైకులో చెబుతాను. చెప్పగానే జనం ఏం చేస్తారో తెలుసా? సొరుగులో చెయ్యి పెట్టి ఫొటోలు దిగుతారు. రోజుకి ఎన్ని చేతులో. ప్రతి చెయ్యీ చూసి నీ చెయ్యే అనుకుంటాను.

ఆ తర్వాత కాసేపు దీపం ఆర్పి, అందరినీ చీకట్లో నిలబెట్టడం మాకు ఆనవాయితీ. స్విచ్చి గది బయట, ఇనప తలుపు వెనకాల, మోకాలెత్తులో ఉంటుంది. అంత కిందికి ఎందుకు పెట్టారో మా ఆఫీసులో ఎవరికీ తెలీదు. చేరిన కొత్తల్లో దానికోసం నేను గోడంతా తడుముకున్నాను. ఇవాళ నా చేతుల్లో గొడుగూ, ఎవరిదో సంచీ ఉన్నాయి. "ఇప్పుడు దీపం ఆర్పుతాను" అన్నానో లేదో, తలుపు పక్కన నిలబడ్డ ఒక ముసలాయన వంగి, అటు చూడనైనా చూడకుండా తలుపు వెనక్కి చెయ్యి పోనిచ్చాడు. దీపం ఆరిపోయింది.

ఆ చీకట్లో ఎవరో ముక్కు చీదారు, ఎవరో నవ్వారు, నేను మాత్రం గొడుగు పట్టుకుని నిలబడిపోయాను. మళ్ళీ దీపం వేసింది కూడా ఆయనే. "మీకెలా తెలుసండీ?" అంటే, "చేతికి అలవాటమ్మా" అన్నాడు. అంతే. వరండాలోకి వెళ్ళి ఒంటరిగా కూర్చున్నాడు.

సన్నటి మనిషి. ఎడమ చెవికి కింది సగం లేదు. ఎడమ చెయ్యి ఎప్పుడూ కోటు జేబులోనే, దొరగారిలాగా. ఇలాంటి పోలీసెవడైనా ఆ గదిలో ఉండేవాడా అన్నయ్యా? నాకు ఇంకెవరు చెబుతారు?

నువ్వు ఇంటికొచ్చిన రోజు నీకు గుర్తుందో లేదో. జీపు వీధి చివర ఆగింది. నేను పరిగెత్తుకొచ్చి నీ చెయ్యి పట్టుకున్నాను. నువ్వు అరిచావు. అలాంటి అరుపు నేను మళ్ళీ వినలేదు. ఆ చెయ్యి విరగ్గొట్టింది నేనేననుకున్నాను. ఎంతకాలమో అలాగే అనుకున్నాను, ఎవరికీ చెప్పలేదు. ఇప్పటికీ నీ చొక్కా గుండీలు వదిన పెడుతుంటే నేను లేచి వంటింట్లోకి పోతాను. నా పెళ్ళి ఎందుకు నిలబడలేదని అడిగావు కదా ఒకసారి. ఎవరైనా చెయ్యి పట్టుకుంటే విదిలించుకునేదాన్ని, అందుకు.

శనివారం సాయంత్రం వాడికొక్కడికే ఆ గది ఇంకోసారి చూపిస్తాను. ఆ మర్నాడు మ్యూజియానికి సెలవు. నువ్వు వద్దంటావు. అందుకే అడగడం లేదు.

నీ మైకు


ఆదివారం

అన్నయ్యా,

అయిపోయింది. నువ్వు ఎన్నాళ్ళు మోశావో దాన్ని, నేను ఒక్క సాయంత్రంలో తీర్చేశాను. ఇలా రాయాలనే కూర్చున్నాను.

నిన్న సంఘం పెద్దతో, "మీ సన్నాయన్ని చుట్టాలెవరో వచ్చి తీసుకెళ్తారట, ఆయన మీతో రారు" అని చెప్పాను. ఆయనెప్పుడూ ఎవరితో కలిసేవాడు కాదు, కాబట్టి వాళ్ళు నమ్మి బస్సెక్కేశారు. కాపలా మనిషి మర్నాడు సెలవు కదా అని పెందరాళే ఇంటిదారి పట్టాడు. తాళాలు నా దగ్గరే. ఆఫీసువాళ్ళు ఒకటి చెప్పారు, మధ్యాహ్నం వదిన ఫోను చేసిందని. నా పని నాకుంది, తర్వాత మాట్లాడొచ్చులే అని ఊరుకున్నాను.

"ఆ గది ఇంకోసారి చూస్తారా?" అన్నాను. "నేనే అడుగుదామనుకున్నానమ్మా, నలుగురిలో మొహమాటపడ్డాను" అన్నాడు. ఎంత ధైర్యమో చూడు. నాకు ఒళ్ళు మండిపోయింది. లోపలికి రానిచ్చి తలుపు గడియ పెట్టాను.

కుర్చీలో కూర్చోమన్నాను. కూర్చున్నాడు. అప్పుడు నీ పేరు చెప్పాను. ఇంటిపేరుతో సహా, గట్టిగా. వాడి మొహంలో నెత్తురు లేకుండా పోయింది. గుర్తుపట్టాడు, నేను ఒట్టేసి చెబుతాను, గుర్తుపట్టాడు. నన్ను కింది నుంచి పైదాకా చూసి, "ఆ పేరు నేనెప్పుడూ వినలేదు" అన్నాడు.

మళ్ళీ అడిగాను. అదే మాట. అదే గొంతు, హెచ్చూ తగ్గూ లేకుండా, పాఠం అప్పజెప్పినట్టు. నాకింక ఒంటిమీద తెలివి లేదు. సొరుగు లాగాను. "చెయ్యి పెట్టు" అన్నాను.

పెట్టాడన్నయ్యా. లాక్కోవాల్సి వస్తుందని, పెనుగులాడతాడని అనుకున్నాను. కోటు జేబులో చెయ్యి జేబులోనే ఉంచి, కుడి చెయ్యి తనే తెచ్చి, వేళ్ళు చాపి సొరుగు అంచు మీద ఉంచాడు. అందరిచేతా పెట్టించినవాడికి ఎలా పెట్టాలో తెలియదా అనుకున్నాను. కాలెత్తి తన్నాను.

ఆ చప్పుడు గురించి నేను మైకులో రోజూ చెబుతాను. ఇన్నాళ్ళూ తప్పు చెబుతున్నానని నిన్న తెలిసింది. అది ఎండుపుల్ల విరిగిన చప్పుడు కాదు, తడి చప్పుడు. వాడు కాలరు నోట్లోకి లాక్కుని పళ్ళతో పట్టాడు. అరవలేదు. అరిస్తే ఆపేదాన్నేమో. మళ్ళీ తన్నాను. సొరుగులోంచి నెత్తురు బల్ల కాలు వెంబడి కిందికి కారింది. చిటికెన వేలు ఉండాల్సిన వైపు లేదు. "ఇప్పుడు చెప్పు" అని నీ పేరు మళ్ళీ అన్నాను. కాలరు వదిలి, ఊపిరి కూడదీసుకుని, "ఎప్పుడూ వినలేదు" అన్నాడు. చెంప మీద కొట్టాను. ఆ సగం చెవి పట్టుకుని గుంజాను. కుర్చీతో సహా పక్కకి పడ్డాడు. డొక్కలో తన్నాను కూడా. నా చెప్పు ఊడి ఎటో పోయింది.

అలిసిపోయి ఆగాను. వాడు పాక్కుంటూ వెళ్ళి, తలుపుకి ఎదుటి మూల గోడకి ఆనుకున్నాడు. మూల ఖాళీగానే ఉన్నా మొత్తం ఆక్రమించలేదు. పక్కన ఇంకొకడికి చోటు వదిలినట్టు ముడుచుకు కూర్చున్నాడు. ఎందుకో అదే కళ్ళలో మెదులుతోంది పొద్దుట్నుంచీ.

నీళ్ళ సీసా ఒకటి అక్కడ పెట్టాను. నీకు అదీ పెట్టలేదని అమ్మ చెప్పింది. తలుపుకి తాళం వేసి, మోకాళ్ళ దాకా వంగి దీపం ఆర్పాను. రేపు పొద్దున తెరుస్తాను. ఆ తర్వాత పోలీసులొస్తే రానీ, నన్ను పట్టుకెళ్తే పట్టుకెళ్ళనీ. నువ్వు ఒక్కసారి శభాష్ అను చాలు.

ఇవాళ అన్నం వండుకుని పళ్ళెం ముందు కూర్చున్నాను. ముద్ద కలపడానికి చెయ్యి రాలేదు.

నీ మైకు


శనివారం మధ్యాహ్నం

చిన్నదానికి,

నీ బుధవారం ఉత్తరం ఇప్పుడే అందింది. నేను చెబుతున్నాను, వదిన రాస్తోంది. చదవడం అవగానే మీ ఆఫీసుకి ఫోను చేయించాను. నువ్వు గ్రూపుతో బయటున్నావట, చెబుతామన్నారు. చెప్పే ఉంటారు, ఇది అందేపాటికి నువ్వు వదినతో మాట్లాడే ఉంటావు. అయినా ఊరుకోలేక రాయిస్తున్నాను.

వాడు బతికున్నాడు. చిన్నదానా, వాడు బతికున్నాడు. (మీ అన్నయ్య ఏడుస్తున్నారు. కాసేపు ఆగుతాను. ఇదుగో, మంచినీళ్ళు తాగారు. రాస్తున్నాను. వదిన.)

సగం చెవి, జేబులో చెయ్యి అన్నావు చూడు, వాడు మా బక్కోడు. కాలేజీలో నా గదిలోనే ఉండేవాడు. ఆ స్విచ్చి అంత కింద ఎందుకుందో నన్నడుగు. పోలీసులు దాన్ని ఎప్పుడూ ముట్టుకోలేదు. ఎవడి వంతు అయిపోతే వాడు మోకాళ్ళ మీద పాక్కుంటూ బయటికొచ్చి, లోపల మిగిలినవాళ్ళకి దీపం ఆర్పాలి. మాచేతే ఆర్పించేవాళ్ళు. కళ్ళకి గంతలు కట్టినా నా చెయ్యి ఇప్పటికీ దాని మీదికే వెళ్తుంది. ఆ గదిలోంచి ప్రాణాలతో వచ్చిన ప్రతివాడి చెయ్యీ వెళ్తుంది.

వాళ్ళు వెతుకుతున్నది నన్ను. నేను వాళ్ళకి వేరే పేరు చెప్పాను. నా అసలు పేరు పట్టుకుని వాణ్ణి అడిగారు. "ఆ పేరు నేనెప్పుడూ వినలేదు" అన్నాడు. ఎడమ చెయ్యి సొరుగులో పెట్టించారు. మళ్ళీ అడిగారు. మళ్ళీ అదే మాట. ఆ చేతిలో విరగడానికి ఎముక మిగల్లేదు. నేను ఆ గదిలోనే, మూల, వాడు నాకు వదిలిన చోట కూర్చుని ఉన్నాను. వాడు నావైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూసుంటే నేను ఇవాళ లేను. ఆఖరికి నా వేళ్ళూ విరిచారు, నిజమే. కానీ నేనెవరో తెలియకుండానే విరిచారు, అందుకే ఇంటికి పంపారు. వాణ్ణి ఎటు తీసుకెళ్ళారో ఎవరూ చెప్పలేదు. పోయాడనే అనుకున్నాను. ఇదంతా నీకెందుకు చెప్పలేదంటే, వాడి మాటే నోటికి అలవాటైపోయింది నాకు. ఎవరడిగినా ఏమీ తెలియదనడమే.

ఆ గది నీ ఉత్తరంలో చూసి ముందు భయపడ్డాను. నీ కోపం నేనెరుగుదును. కానీ నోరే పెద్దది నీకు, చీమ మీద కాలు పడితే ఆ పూట అన్నం మానేసేదానివి. నువ్వెవరినీ ఏమీ చెయ్యలేవు. మహా అయితే మైకులో దులిపేస్తావు.

వదిన ఫోనులోనూ ఇదే చెబుతుంది. వాడితో మాట్లాడేటప్పుడు నా పేరు ఒక్కటే చెప్పకు. ఒప్పుకోడు. చంపినా ఒప్పుకోడు. నేను బతికే ఉన్నానని, నువ్వు నా చెల్లెలివని ముందు చెప్పు, అప్పుడు నోరు విప్పుతాడు. చీకట్లో నిలబెట్టకు. వాణ్ణి వెంటబెట్టుకుని సోమవారం పొద్దున బస్సుకి ఇద్దరూ వచ్చెయ్యండి. బస్టాండుకి నేనే వస్తాను. వదిన ఇప్పుడే నా తెల్ల చొక్కా ఇస్త్రీ చేస్తానంటోంది. నువ్వు దిగగానే నా చెయ్యి పట్టుకో. నేను అరవను.

బస్సెక్కేటప్పుడు వాడికి ఆసరా కావాలి. ఎడమ చెయ్యి ముట్టుకోకు, ఉలిక్కిపడతాడు. కుడి చెయ్యి పట్టుకో. వాళ్ళు అది కూడా సొరుగులో పెట్టమన్నారు, వాడు పెట్టాడు కూడా, ఇంతలో బయటినుంచి ఎవరో పిలిస్తే లేచి వెళ్ళిపోయారు. వాడు అన్నం తినేది ఆ చేత్తోనే. అది బాగుంటుంది, గట్టిగా పట్టుకో.

మీ అన్నయ్య