వదిన వీపున మంచి గడ్డ

కైరువాన్,
అక్టోబరు మొదటివారం

ఆడపడుచు సాల్హాకు నీ వదిన మన్నూబియా సలాం చెప్పి రాసేది.

కళ్ళు నులుముకోనక్కర్లేదు, ఇది నా చేతిరాతే. తొమ్మిదేళ్ళ కిందట మా గుమ్మంలో నిలబడి "ఇక నీ గడప తొక్కితే ఒట్టు" అన్నావు. ఉత్తరం చదివితే ఒట్టు అనలేదు. అందుకని రాస్తున్నాను.

నా కుడి రెక్క ఎముక కింద గడ్డ లేచింది. తివాసీ మగ్గం మీద పైవరస ముడి వెయ్యడానికి చెయ్యి చాచానా, టక్కుమని చప్పుడై నారింజకాయంత ఉబ్బి బయటికొస్తుంది. చెయ్యి దించితే లోపలికి పోయి దాక్కుంటుంది. నొప్పి లేదు. పక్కింటి హల్లూమా తడిమి చూసి, "నొప్పి లేనిదే చెడ్డదమ్మా" అని ఏడుస్తూ వెళ్ళిపోయింది. వెళ్తూ నా జల్లెడ పట్టుకుపోయింది.

డాక్టరు వీపంతా నొక్కి చూసి, సూసా పట్నం వెళ్ళి యంత్రంలో పొరలు పొరలుగా ఫొటోలు తీయించుకు రమ్మన్నాడు. "ఏమిటి నాయనా ఇది?" అంటే, "ఫొటో చూడందే ఏమీ చెప్పనమ్మా" అన్నాడు. మీ అన్న ఉంటే ఆయనకి చెప్పుకునేదాన్ని. ఆయన లేడు. నువ్వున్నావు.

ఇట్లు,
మన్నూబియా

తా.క.: మనిద్దరం కలిసి నేసిన ఆ పెళ్ళి తివాసీ ఒక కొస వెడల్పు, ఒక కొస ఇరుకు అయి వెనక్కి వచ్చింది నీ చేతి వదులు వల్లే. నేను పోయినా ఆ మాట మారదు.


మహ్దియా,
అక్టోబరు

వదినకు సాల్హా సలాములు.

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. భయపడకు వదినా. ఫొటోలు తీయించుకో. ఆ కాగితం వచ్చేదాకా ఎవ్వరినీ వీపు మీద కత్తి పెట్టనివ్వకు. హల్లూమా సంగతంటావా, ఆవిడ నా పెళ్ళిరోజున కూడా అలాగే ఏడ్చింది.

మన రెండు ఊళ్ళ మధ్య తిరిగే బాడుగ కారు డ్రైవరు చేత కొత్త నూనె, ఉప్పు చేపలు పంపుతున్నాను. వేళకి తిను. మగ్గం ఎక్కడికీ పారిపోదు, నాలుగు రోజులు నడుం వాల్చు. బెంగగా ఉంటే నాకు రాయి, ఏం రాసినా చదువుతాను.

నీ
సాల్హా

తా.క.: ఎండబెట్టిన ఆక్టోపస్ కూడా పెట్టాను. నీకు పడదని తెలుసు. అది హల్లూమాకి ఇవ్వు, జల్లెడ తిరిగొస్తుంది.


కైరువాన్,
నవంబరు

సాల్హాకు సలాం.

ఫొటోలు వచ్చాయి. డాక్టరు వాటిని దీపానికి పెట్టి చూసి నవ్వాడు. "ఇది మంచి గడ్డే అమ్మా" అన్నాడు. గడ్డల్లో మంచివాళ్ళు కూడా ఉంటారని నాకు ఇన్నాళ్ళూ తెలీదు. నారా కొవ్వూ కలిసిన ముద్దట. పెద్దవయసులో, అందులోనూ ఏళ్ళ తరబడి చేతులు చాచి పనిచేసిన ఆడవాళ్ళకి ఎక్కువగా వస్తుందట. ఎడమవైపు కూడా చిన్నది మొలుస్తోందట, తోబుట్టువులా. దానికో పేరు చెప్పాడు. ఆ పేరు పలికేలోపు పొయ్యి మీద కూర మాడిపోతుంది. "నొప్పి పెట్టినా, చెయ్యి ఆడకపోయినా, తొందరగా పెరిగినా రండి. లేదంటే దాని మానాన దాన్ని వదిలెయ్యండి" అన్నాడు.

అక్కడితో నాకు నిద్ర పట్టాలి. పట్టడంలేదు. కారణం నువ్వే. పదిహేనేళ్ళు మగ్గం ముందు ఒకే పలక మీద పక్కపక్కన కూర్చుని నేశాం. నీ నోట "భయపడకు వదినా" అన్న మాట ఒక్కనాడు వినలేదు. పైగా చేపలు! ఆ డాక్టరుది మహ్దియానే అని అక్కడి నర్సు చెప్పింది. నాకు చెప్పనిది నీకేమైనా చెప్పాడా?

ఇట్లు,
మన్నూబియా

తా.క.: ఆక్టోపస్ ఇస్తే హల్లూమా తీసుకుంది. ఇప్పుడు మూకుడు కూడా ఆవిడ దగ్గరే ఉంది.


మహ్దియా,
నవంబరు

వదినకు సలాములు.

నాకే డాక్టరూ తెలీదు. మీ డాక్టరు చెప్పిందే నిజం, నమ్ము. ఆ గడ్డని తడమకు, తలుచుకోకు, తిని హాయిగా ఉండు.

ఇంకో మాట. చాలా ఏళ్ళుగా చెప్పాలనుకుంటున్నాను. ఆ తివాసీ వంకర నావైపుదే. నాదే తప్పు. నీ మీద అరిచినందుకు మన్నించు. ఇక దాని గురించి అనుకోవద్దు.

నీ
సాల్హా

తా.క.: ఈసారి అంజూర పళ్ళు పంపుతున్నాను. తలుపేసుకుని తిను.


కైరువాన్,
డిసెంబరు

సాల్హాకు కడపటి సలాం.

అర్థమైంది. నేను పోతున్నాను.

నువ్వు తప్పు ఒప్పుకున్నావు! నలుగురు పెద్దలు కూర్చుని చెప్పినా ఒప్పుకోనిదానివి, మీ అన్న మంచంలో ఉండి బతిమాలినా ఒప్పుకోనిదానివి, ఉత్తరంలో రాసి సంతకం పెట్టి ఒప్పుకున్నావు. బతికే మనిషి దగ్గర ఎవరైనా అలా ఒప్పుకుంటారా? హల్లూమాకి చదివి వినిపించాను. "అంతేనమ్మా, రోగికి మంచిదంటారు, అయినవాళ్ళకి అసలు సంగతి చెబుతారు" అంది.

అందుకని వేరే చోట, ఒక ప్రైవేటు క్లినిక్‌లో చూపించుకున్నాను. ఆ సర్జన్ కూడా ముందు నవ్వాడు. నేను ఏడ్చాను. "తీసెయ్యమంటే తీసేస్తాను, మీ ఇష్టం" అన్నాడు. తీసెయ్యమన్నాను. వచ్చే మంగళవారం.

తిట్టినవీ పెట్టినవీ మన్నించు. నేను మన్నించాను.

ఇట్లు,
మీ అన్న భార్య

తా.క.: ముడులు దట్టించే నా తివాసీ దువ్వెన నీకే రాశాను. జల్లెడ, మూకుడు రాయలేదు, అవి ఇప్పటికే హల్లూమావి.


మహ్దియా,
శనివారం

వదినా,

పోస్టు మీద నమ్మకం లేక ఈ ఉత్తరం డ్రైవరు చేతికే ఇస్తున్నాను. నీ చేతిలో పెట్టి, చదివేదాకా గుమ్మంలో నిలబడమన్నాను. మంగళవారం వెళ్ళకు.

నాకే డాక్టరూ ఏమీ చెప్పలేదు. చెప్పక్కర్లేదు. చెయ్యి చాస్తే పైకి రావడం, దించితే దాక్కోవడం, ఆ టక్కుమన్న చప్పుడు... నీ మొదటి ఉత్తరంలోనే నాకు తెలిసిపోయింది. ఆరేళ్ళ కిందట నాకూ వచ్చింది. అదే గడ్డ, అదే రెక్క కింద. ఒకే పలక మీద కూర్చున్నవాళ్ళం కదా!

మా ఆయనా పోయాక నాకు భయపడకు అని చెప్పేవాళ్ళు లేరు. నీకు రాద్దామని కాగితం తీశాను. 'గడ్డ పేరు చెప్పి కాళ్ళబేరానికి వచ్చింది అనుకుంటావు' అని చించేశాను. భయానికి ఫొటోలదాకా కూడా ఆగలేదు. కోసెయ్యండి, కోసెయ్యండి అని పట్టుబట్టి ఒక డాక్టరు చేత కోయించుకున్నాను. కోసి తీశాక పరీక్ష చేసి, "ఏమీ లేదు, ఇది మంచిదే, ఉంచుకున్నా సరిపోయేది" అన్నారు. లోపల నీరు చేరింది. మళ్ళీ మళ్ళీ తోడారు. నొప్పికి చెయ్యి కదపకుండా ఒంటికి అదుముకుని కూర్చున్నాను. కదుపు, కదుపు అని తిట్టే మనిషి ఇంట్లో లేదు. భుజం బిగుసుకుపోయింది. కుడిచెయ్యి ఇప్పుడు భుజం దాటి పైకి లేవదు. మగ్గం విప్పేసి అయిదేళ్ళయింది.

నీ ఉత్తరం చూడగానే నువ్వు ఒక్కదానివే అలా కూర్చోకూడదనిపించింది. మెత్తగా రాశాను. నా మెత్తదనమే నిన్ను కత్తి కిందికి తోస్తుందని ఎలా తెలుస్తుంది? ముందునుంచీ తిట్టుకుంటూ ఉంటే హాయిగా ఉండేదానివి.

సాల్హా

తా.క.: వంకర నీవైపుదే. నువ్వు చస్తావన్న భయం ఉన్నా, లేకపోయినా. వెళ్ళకు.


కైరువాన్,
సోమవారం

సాల్హా,

నిన్న నీ ఉత్తరం ఇచ్చి, చదివేదాకా డ్రైవరు గుమ్మంలోనే నిలబడ్డాడు. జవాబు తీసుకురమ్మన్నావట, ఇవాళ మళ్ళీ వస్తే కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాను.

వెళ్ళడంలేదు. క్లినిక్‌కి కబురు పెట్టాను. గడ్డ నాతోనే ఉంటుంది. నీ తా.క. చదివాక ప్రాణం లేచొచ్చింది. నేను చావనని అప్పుడు నమ్మాను.

కానీ ఒక సంగతి నిన్నటినుంచీ మింగుడుపడటంలేదు. నీ జుట్టు మోకాళ్ళదాకా ఉండేది. చెయ్యి భుజం దాటి లేవదంటున్నావు. ఈ ఆరేళ్ళూ నీ తల ఎవరు దువ్వుతున్నారు? కత్తిరించుకున్నానని మాత్రం రాయకు. కత్తిరించుకున్నావు, నాకు తెలుసు. అంత జుట్టూ ఒక్కదానివే కూర్చుని ఎడమచేత్తో కత్తిరించుకుని ఉంటావు. ఇంత దగ్గరి ఊళ్ళో ఉండి, నేనేమో ఒక కొస వెడల్పు, ఒక కొస ఇరుకు అని కొలుచుకుంటూ కూర్చున్నాను.

మొదట చూసిన డాక్టరు దగ్గరికి ఇవాళ పొద్దున్నే పోయి నీ చెయ్యి గురించి అడిగాను. ఇన్నేళ్ళ తరవాత పూర్తిగా రాకపోవచ్చు గానీ, రోజూ ఎవరైనా దగ్గరుండి కదిలిస్తే కొంతైనా పైకి లేవచ్చన్నాడు. తిట్టే మనిషి ఉండాలా అని అడిగాను. ఉంటే మంచిదే అన్నాడు.

నీ
వదిన

తా.క.: డ్రైవరు కాఫీ అయిపోయింది. ఉత్తరంతోపాటు నేనూ అదే కారెక్కుతున్నాను. తలుపు తియ్యడానికి ఎడమచెయ్యి చాలు.